వెండి తినే తగరం

పాత టెక్ట్రానిక్స్ ఆసిలోస్కోపు పక్క రేకు విప్పితే ఎవరైనా ముందు చూసేది వాల్వుల వరుసల్ని. నేను వెతికేది లోపలి గోడకు బిగించి ఉండే ఒక చిన్న సోల్డరు చుట్టని. అది ఏ సర్క్యూట్లోనూ భాగం కాదు. పీకి పారేసినా మిషను పనికి లోటు రాదు. 1950లలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఆ మిషన్లు కట్టినవాళ్లకు దాని అవసరమే లేదు, వాళ్ల బల్లల మీద కావలసినంత సోల్డరు ఉంది. ఈ మిషను ఎప్పుడో ఒకప్పుడు చెడుతుందనీ, ఎక్కడో ఎవడో దీన్ని విప్పుతాడనీ, వాడికి సరైన సోల్డరు చేతికి అందదనీ ముందే అనుకొని పెట్టిన చుట్ట అది.

ఆ ఎవడో ఒకడు కరీంనగర్ జిల్లా, సిరిసిల్ల తాలూకా, ఎల్లంతకుంటవాడు అవుతాడని వాళ్లకు తోచి ఉండదు. 2016 నుంచి మాది రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది కానీ నా సర్టిఫికెట్లన్నీ పాత జిల్లావే. నేను ఇంజినీరును కాను. సిరిసిల్లలో రేడియో షాపులో పని నేర్చుకొని, ఐటీఐ చదివి, హైదరాబాదులో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో టెక్నీషియనుగా చేరి, రిటైరై ఊరికొచ్చినవాణ్ని. ఇంట్లో వెనక గదిలో ఒక టెక్ట్రానిక్స్ 545 ఉంది. ఆఫీసుల్లో ‘కండెమ్’ చేసి వేలం వేసిన సరుకు చేతులు మారి మారి తుక్కు దుకాణానికి చేరితే అక్కడ కొన్నాను. ముప్పై కిలోల దాకా ఉంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని ‘ఆయన ఇనుప పెట్టె’ అంటారు. ఆ చుట్టలో నా దాకా వచ్చేసరికి మూరెడు తీగ మిగిలి ఉంది.

చుట్ట సంగతి అర్థం కావాలంటే దాని చుట్టూ ఉండే పింగాణి పట్టీల సంగతి చెప్పాలి. తెల్లగా, సన్నగా, వేలెడు పొడవునో ఇంకాస్త ఎక్కువో ఉంటాయి. పై అంచున వరుసగా గాట్లు. ఒక్కో గాటు లోపల వెండి పూత. ఇట్లాంటి పట్టీలు రెండింటిని ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో రెసిస్టర్లను, కెపాసిటర్లను అడ్డంగా పేర్చి, వాటి కాళ్లను ఈ గాటులో ఒకటి, ఆ గాటులో ఒకటి ఆనించి సోల్డరు చేస్తారు. పట్టీ కిందివైపు నైలాన్ కాళ్లుంటాయి. ఛాసిస్ రేకులో ఉన్న రంధ్రాల్లో పెట్టి నొక్కితే కూర్చుంటాయి, స్క్రూల గొడవ లేదు. మూత తీసి చూస్తే ప్రతి సామానూ కంటికి కనిపిస్తుంది, విలువ చదువుకోవచ్చు, ఏది ఎక్కడికి పోతుందో వేలితో చూపించొచ్చు. ఒకదాని కింద ఒకటి దాక్కున్నది లేదు.

పింగాణి అంటే మాకు మొదట మామిడి తొక్కు జాడీ. రెండో రకం పింగాణి కరెంటుతో వచ్చింది. దేశంలో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది 1969లో. ప్రయోగంగా ఐదు చోట్ల రైతుల సహకార సంఘాలతోనే కరెంటు నడిపించి చూద్దామన్నారు. కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కొడినార్, మహారాష్ట్రలో ములా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. పద్ధతి అమెరికా పల్లెల్లోని విద్యుత్ సహకార సంఘాలది, సలహాదారులూ అక్కడివాళ్లే. 1970లో మొదలైన ఆ సంఘాన్నే మేం సెస్ అంటాం. ఇవాళటికీ బిల్లు సెస్‌కే కడతాం. ఆ ఐదింటిలో సిరిసిల్లది ఇంకా నడుస్తున్నదని చెప్పుకోవడానికి మావాళ్లకు కొంచెం గర్వం, ఎన్నికలప్పుడు కొంచెం ఎక్కువ గర్వం.

అట్లా స్తంభాలొచ్చాయి, స్తంభాల మీద పింగాణి గిన్నెలొచ్చాయి, గులేరు పట్టుకున్న పోరగాళ్లకు కొత్త గురి దొరికింది. లైన్‌మన్ తిట్టేవాడు. “అరేయ్, గది పగిలితె కరెంటు స్తంభం దిగి మీ ఇంటికే వస్తది!” అనేవాడు. పింగాణిలో నుంచి కరెంటు పారదన్న పాఠం నాకు మొదట చెప్పింది ఆ తిట్టే. తర్వాత బావి కాడ స్టార్టర్ డబ్బాలో మూడు తెల్ల ఫ్యూజులు. డబ్బా మూత లోపల ఒక మొలకు ఫ్యూజు వైరు చుట్ట వేలాడుతుండేది. రాత్రి కరెంటుకు మోటరు వెయ్యడానికి పోయినోడికి ఫ్యూజు కొట్టేస్తే, అంత చీకట్లో మళ్లీ ఊళ్లోకి నడిచే పని లేకుండా ఎవరో పెట్టిందది. వాడుకున్నోడు తర్వాత మళ్లీ తెచ్చి చుట్టాలి. చుట్టేవాళ్లు కూడా.

రేడియో షాపులో చూసింది వేరే సరుకు. అక్కడ సామాన్లు నిలబడేది ట్యాగ్ స్ట్రిప్పు మీద. గోధుమ రంగు బేకలైట్ రేకు, దానికి వరుసగా ఇత్తడి చెవులు. రెసిస్టర్ కాలును ఆ చెవి రంధ్రంలో దూర్చి, మెలిపెట్టి, ముక్కుకట్టరుతో నొక్కి, ఆ మీద సోల్డరు పొయ్యాలి. మెలిక బాగుంటేనే జాయింటు బాగుంటుందని మా ఉస్తాద్ నమ్మకం. కట్టేటప్పుడు మంచిదే. విప్పేటప్పుడు ప్రాణం పోతుంది. ఒక చెవికి నలుగురు వేలాడుతుంటారు, ఒకణ్ని తియ్యాలంటే నలుగురినీ కాల్చాలి. “ఆగురా బిడ్డా, ఐరన్ గాడ్నే వెట్టి నిద్రబోయినవా?” అని ఉస్తాద్ అరిచేలోగా పక్కనున్న కెపాసిటర్ మైనం కారేది.

వానకాలం ఇంకో తంటా. బేకలైట్‌లో ఉన్నది కాగితమో గుడ్డో, రెసిన్‌తో అంటించి ఒత్తింది. అంచుల నుంచి తేమ పీలుస్తుంది. పైన దుమ్ము పేరుకొని ఆ దుమ్మూ తడిస్తే, రెండు చెవుల మధ్య కరెంటు సన్నగా పాకుతుంది. రేడియో అయితే కొంచెం గరగర, కొంచెం మూలుగు, నడిచిపోతుంది. కొలిచే మిషనుకు అది కుదరదు. ఆసిలోస్కోపు ఇన్‌పుట్ రెసిస్టెన్స్ పది లక్షల ఓములు. దాని పక్కన ఎక్కడో పది కోట్ల ఓముల దారి ఒకటి తేమ వల్ల ఏర్పడిందనుకోండి. కంటికి కనపడదు, మామూలు మీటరుకూ అందదు. అయినా కొలతలో నూటికి ఒకటి తప్పు అప్పుడే వచ్చి కూర్చుంటుంది. తప్పు కొలిచే త్రాసుకంటే త్రాసు లేకపోవడమే మేలు, కనీసం అనుమానంతో ఉంటాం.

అందుకే పింగాణి. తేమ పీల్చదు, వేడికి వంగదు, మాడదు. పైగా పట్టీ ఎత్తు వల్ల సామానంతా ఛాసిస్ రేకు నుంచి పైకి లేచి గాలిలో ఉంటుంది. 545లో డజన్ల కొద్దీ వాల్వులు, అరకిలోవాట్ దాకా కరెంటు తాగి అంతా వేడి చేస్తాయి, వెనక ఒక ఫ్యాను గాలి తోలుతూ ఉండాలి. ఆ గాలి ప్రతి రెసిస్టర్‌కూ తగులుతుంది. రేకుకు దూరంగా ఉండడం వల్ల ఇంకో లాభం, అడక్కుండా ఏర్పడే కెపాసిటెన్స్ తగ్గుతుంది. సెకనుకు మూడు కోట్ల సార్లు ఊగే సిగ్నల్ని గీయాల్సిన మిషనుకు అది చిన్న సంగతి కాదు.

టెక్ట్రానిక్స్ కంపెనీ పుట్టింది 1946లో, పోర్ట్‌లాండ్ ఊళ్లో. హోవర్డ్ వోలమ్, జాక్ మర్డాక్ ముఖ్యులు. వోలమ్ యుద్ధకాలంలో సైన్యం తరఫున ఇంగ్లండ్‌లో రాడార్ మీద పనిచేసి వచ్చినవాడు. 1947లో వాళ్లు అమ్మిన మొదటి మిషను 511. కొన్నది ఓరెగాన్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాల. ఆసుపత్రి ఈసీజీ తెర మీద కదిలే గీతకూ ఆసిలోస్కోపు గీతకూ చుట్టరికం ఉంది కాబట్టి అందులో వింతేం లేదు. వోల్టేజి ఎంతో మీటరు చెబుతుంది, దాని రూపం ఎట్లా ఉందో స్కోపు గీసి చూపిస్తుంది. కంపెనీ పెరిగాక పింగాణి పట్టీలు బయట కొనకుండా సొంతంగా కాల్చుకున్నారు. మట్టిపొడి అచ్చులో ఒత్తి బట్టీలో కాలిస్తే కుంచించుకుపోతుంది, ఎంత కుంచించుకుంటుందో ముందే లెక్కగట్టి అచ్చు పెద్దదిగా చెయ్యాలి. గాట్లలో వెండి పుయ్యాలి, మళ్లీ కాల్చాలి. ఒక కొలత మిషన్ల కంపెనీ కుమ్మరి పనిలోకి దిగడం మామూలు లెక్కల ప్రకారం తలతిక్క. అప్పటి ఫోటోల్లో ఆ పట్టీల ముందు సోల్డరింగ్ ఐరన్లతో వరుసగా కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్లు. సిరిసిల్లలో బీడీలు చుట్టే అక్కల చేతివేగం చూసినవాడిని కాబట్టి ఆ జాయింట్లన్నీ ఒకే తీరుగా ఉండడం నన్ను ఆశ్చర్యపరచలేదు.

ఇక అసలు చిక్కు. సోల్డరు పింగాణికి అంటదు. ఎంత వేడి చేసినా, ఎంత పేస్టు రాసినా పూసలా దొర్లి పడిపోతుంది. అంటేది వెండికి. వెండి పింగాణికి అంటి ఉంది. అంటే ఆ రెసిస్టర్ నిలబడింది గోరుకు కూడా తెలియనంత పలచటి పొర మీద. షాపుల్లో మనం లెడ్డు అని కొనే తీగలో నూటికి అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. కరిగిన తగరానికి వెండి అంటే మహా ప్రీతి. తాకితే చాలు, వెండిని తనలోకి కరిగించుకుంటుంది. ఒకసారి చేస్తే కొంచెం పోతుంది. రెసిస్టర్ మార్చిన ప్రతిసారీ, ఐరన్ ఎక్కువసేపు ఆనించిన ప్రతిసారీ ఇంకొంచెం. చివరికి పొర మొత్తం సోల్డరులోకి వెళ్లిపోతుంది, గాటులో ఒట్టి పింగాణి మిగులుతుంది. ఇక ఆ గాటు దేనికీ పనికిరాదు.

దీనికి విరుగుడు సోల్డరులోనే మూడు శాతం వెండి ముందుగా కలిపెయ్యడం. కడుపు నిండినవాడు పక్కవాడి విస్తరి వైపు చూడడు. ఆ తీగకు కావలసిన వెండి దానికి ముందే అందింది కాబట్టి గాటులోని పూత జోలికి పెద్దగా పోదు. లోపల గోడకు బిగించిన చుట్ట ఈ వెండి సోల్డరుదే.

కరీంనగర్‌లో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. అక్కడి వెండి తీగపనికి 2007లో జీఐ గుర్తింపు వచ్చింది. అసలు ఆ పని ఎలగందులది, తర్వాత కరీంనగర్‌కు వచ్చింది. వెంట్రుకంత వెండి తీగల్ని మెలిపెట్టి, చుట్టి, ఆకులుగా పూలుగా చట్రంలో పేర్చి, వెలిగారం వేసి మాటు పెడతారు. ఆ మాటులో కూడా వెండి ఉంటుంది, తీగకంటే కాస్త ముందు కరిగేలా వేరే లోహం కలిపి ఉంటుంది. తగరపు సోల్డరుతో అతికితే ఆ తీగలు ఏమవుతాయో ఆ పనివాళ్లకు రసాయన శాస్త్రం చదవకుండానే తెలుసు. నేను ప్రయోగశాలలో నేర్చుకున్న నియమం నాకంటే ముందు ఇంటికి ముప్పై నలభై కిలోమీటర్ల దూరంలో ఉండేది. నాకే తెలియదు. బస్సు అద్దంలో నుంచి ఆ దుకాణాల బోర్డులు చూసుకుంటూ పోయేవాణ్ని.

టెక్ట్రానిక్స్ వాళ్లు చుట్ట పెట్టి ఊరుకోలేదు, మాన్యువల్లో రాశారు. సన్నగా పొడవుగా ఉండి ముందుకొచ్చేసరికి పలక అయ్యే మొన ఉన్న ఐరన్ వాడండి. నలభై నుంచి డెబ్భై అయిదు వాట్ల మధ్య ఉండాలి. పట్టీ మీద బలం పెట్టకండి, పింగాణి పగులుతుంది. గాటు నిండా సోల్డరు నింపకండి. కాలును ముక్కుకట్టరుతో పట్టుకుంటే వేడి సామాను దాకా పోదు. కట్టరు దూరని చోట చెక్కపుల్లను చీలిలా చెక్కి దాంతో కాలును ఒత్తి పట్టుకోండి. ఈ చివరిది చదివి నేను వేపపుల్ల చెక్కాను. ఇప్పటికీ అదే. పుల్లకు వేడి ఎక్కదు, సోల్డరు అంటదు. కొన్న పరికరాల్లో అంత బాగా పనిచేసేది ఇంకోటి చూడలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఒక మినహాయింపు. మామూలు లెడ్డు ఎప్పుడో ఒకసారి వాడితే ప్రాణమేం పోదు, అతిగా వేడి చెయ్యకపోతే చాలు అని కూడా రాశారు. రూలు పెట్టినవాడే ఆ రూలు ఎంతవరకు సాగుతుందో చెప్పడం అరుదు. చెప్పాడంటే ఎదుటివాడికి బుర్ర ఉందని ఒప్పుకున్నట్టు. మా ప్రయోగశాలలో గోడలకు అంటించిన సూచనలన్నీ ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ అని మొదలయ్యేవి. ఆ తర్వాతి మాట ఎవరూ చదివేవారు కాదు.

మాన్యువల్ చివర సర్క్యూట్ పటాలు. మడతలు విప్పితే బల్ల నిండుతుంది. ఏ బిందువు దగ్గర ఎన్ని వోల్టులు ఉండాలో అంకెలు, ఆ బిందువు దగ్గర అల ఏ ఆకారంలో ఉండాలో బొమ్మ. ఏ సామాను పోతే దాని నంబరు, విలువ, ఎంత తేడా ఉన్నా ఫర్వాలేదో అంతా ఉంటుంది. విదేశీ మారకం కోసం ఫైళ్లు నెలలు తిరిగే ఆ రోజుల్లో ఈ పటం విలువ మాకు తెలుసు. స్పేర్‌పార్టు రావడానికి ఏడాది పట్టొచ్చు, అసలు రాకపోవచ్చు. పటం ఉంటే మటుకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికే దాంతో ఏదో ఒకటి కుదిర్చేవాళ్లం. మొగల్లులో పుట్టి, స్టాన్‌ఫర్డ్‌లో చదివొచ్చి, 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌ను నిలబెట్టిన ఎ.ఎస్.రావు గారి తరం మొదలుకొని, మన దగ్గర ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాళ్లకు సొంతంగా కట్టుకోవాలన్న పట్టుదల ఎక్కువ. ఆ పట్టుదలకు సగం చదువు బయటి మిషన్లను విప్పి, మళ్లీ బిగించడంలో దొరికిందని నా అభిప్రాయం. పుస్తకం చదివినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

నా 545లో ఒక పట్టీ చెడిపోయి ఉంది. నాకంటే ముందు ఎవరో ఒకే గాటులో మళ్లీ మళ్లీ లెడ్డు పోసి, కరిగించి, పోసి, అక్కడ వెండి అన్నది లేకుండా చేశారు. సోల్డరు ముద్ద రెసిస్టర్ కాలును పట్టుకొని ఉంది గానీ గాటును వదిలేసింది, వేలితో కదిపితే కదులుతుంది. చుట్ట నిండుగా ఉన్న రోజుల్లోనే, అదే మిషను కడుపులో దాన్ని పెట్టుకొని, పక్కన బజారు లెడ్డు వాడారన్నమాట. వాళ్లనేం అనను. మాన్యువల్ అలమారలో ఉంటుంది, అలమార తాళం స్టోర్స్‌లో ఉంటుంది, స్టోర్స్ సారు లీవులో ఉంటాడు. చుట్ట అక్కడ ఎందుకుందో చెప్పేవాడు లేకపోతే అది ఒట్టి తీగ ముక్క. పక్క గాటు ఖాళీగా ఉంటే కాలు అందులోకి జరిపి నడిపించాను. అట్లా ఒక గాటు అదనంగా వదిలి ఉండడం వాళ్ల ముందుచూపో, లెక్కలో మిగిలిందో, మంచివైపే అనుకున్నాను.

ఈ పట్టీలు 1960లు గడిచేకొద్దీ తగ్గిపోయాయి. ట్రాన్సిస్టర్లు వచ్చాయి, వేడి తగ్గింది, వోల్టేజీలు తగ్గాయి, అచ్చు సర్క్యూట్ బోర్డులు బాగుపడ్డాయి. 1960ల మధ్యలో వచ్చిన వాళ్ల 453ని చేత్తో మోసుకుపోవచ్చు. 545కు చక్రాల బండి కావాలి, ఆ బండిని కూడా కంపెనీయే అమ్మేది. అచ్చు బోర్డు గెలవాల్సిందే, గెలిచింది. దాన్ని తిట్టేవాళ్లతో నేను కలవను. మనిషి కూర్చొని ఒక్కొక్క కాలూ ఒక్కొక్క గాటులో పెట్టి కట్టే మిషను ధరకు అప్పటి మన కాలేజీల్లో ఎన్నింటికి అది అందింది? 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం నుంచి రెండు వేల నాలుగు వందల పల్లెలకు టీవీ చూపించారు, ఆ సెట్లు చేసింది ఈసీఐఎల్. మన రాష్ట్రంలో పాలమూరు, మెదక్, కర్నూలు వైపు ఊళ్లకు దక్కాయి, మాకు దక్కలేదు. అంత సరుకు పింగాణి పట్టీల మీద ఒక్కొక్కటిగా కడుతూ కూర్చుంటే ఒక్క ఊరికీ చేరేది కాదు.

పట్టీలు పోయినా పింగాణి పోలేదు, ఆ పాత తగాదా కూడా పోలేదు. టెక్ట్రానిక్స్ వాళ్లే ఆ కుమ్మరి విద్యను పిక్చర్ ట్యూబుల మీదికి మళ్లించి, గాజు గరాటు బదులు పింగాణి గరాటుతో ట్యూబులు చేశారు. ఇవాళ మీ జేబులో ఉన్న ఫోన్లో వందల కొద్దీ, కొన్నింట్లో వెయ్యి దాకా, ఆవగింజకంటే చిన్న కెపాసిటర్లుంటాయి. లోపల పొరలు పొరలుగా ఉన్నది పింగాణి జాతి పదార్థమే. ఆ గింజకు రెండు చివర్లా సోల్డరు అంటాలి. పింగాణికి సోల్డరు అంటదు కదా, కాబట్టి చివర్లకు వెండో రాగో పూస్తారు. వెండి పూస్తే తగరం తింటుంది కదా. అరవై ఏళ్ల కిందటి చిక్కే. ఈసారి విరుగుడు వేరు. వెండి మీద నికెల్ పొర ఒకటి వేసి, దాని మీద తగరం పూస్తారు. నికెల్ కరిగిన తగరానికి అంత తొందరగా లొంగదు. లోపలి వెండి దాకా తగరాన్ని పోనివ్వదు.

ఇంజినీరింగ్ పరంగా చూస్తే నికెల్ పొరే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. ఎవరికీ ఏదీ చెప్పాల్సిన పని లేదు. ఎటువంటి సోల్డరైనా ఫర్వాలేదు, యంత్రం అతికినా మనిషి అతికినా ఒకటే. చుట్ట పెట్టాల్సిన పని లేదు, పెట్టినా ఎక్కడ పెడతారు? నాకు కష్టంగా ఉన్నది వేరే చోట. చుట్ట పెట్టినవాడు నన్ను ఊహించాడు. నా పేరు తెలియదు, ఊరు తెలియదు, నా చేతిలో ఏముండదో మటుకు తెలుసు. నికెల్ పొర వేసినవాడు అజాగ్రత్త చేతుల్ని ఊహించి, వాటి నుంచి వెండిని కాపాడాడు. అదీ ముందుచూపే, అదీ మంచిదే. ఆ తర్వాత ఫోను కట్టినవాడు ఇంకో అడుగు వేసి, విప్పే చెయ్యే ఉండొద్దనుకున్నాడు. వెనక అద్దం జిగురుతో, బ్యాటరీ జిగురుతో, పటం తాళంలో.

ఎల్లంతకుంట బస్టాండు దగ్గర మా వరుసకు కొడుకయ్యే పిల్లవాడు మొబైల్ షాపు పెట్టాడు. నేను సాయంత్రాలు అక్కడ కూర్చుంటాను, సూక్ష్మదర్శినిలో చూడనిస్తాడు. వేడిగాలి గన్ను తిప్పుతూ, చిమటాతో ఆ ఆవగింజను ఎత్తి పక్కన పెట్టి, కొత్తది అదే చోట కూర్చోబెట్టేస్తాడు. మా ఉస్తాద్ చూస్తే ఇదేదో కనికట్టు అనేవాడు. ఒకరోజు ఈ వెండి, నికెల్ కథంతా చెప్పాను.

“గంత ఉన్నదా పెద్దబాపూ గీంట్ల? మాకు కోర్సుల జెప్పలే.”

“చెప్పవలసిన పని లేదు బిడ్డా. నీకు తెల్వకున్నా ఏం గాదు, అట్లనే చేసిన్రు.”

“అయితె మంచిదే గద?”

మంచిదే అన్నాను. వాడికి అసలు కావలసింది ఆ కథ కాదని కూడా నాకు తెలుసు. వాడికి కావలసింది పటం. ఏ కంపెనీ ఇవ్వదు. ఎక్కడినుంచో బయటికి పొక్కిన బోర్డు బొమ్మల్ని అమ్మే సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికింత అని కడతాడు. అందులో గీత ఎటు పోతుందో ఉంటుంది, అక్కడ ఎన్ని వోల్టులు ఉండాలో ఉండదు. కాబట్టి బాగున్న ఫోను ఒకటి పక్కన పెట్టుకొని, దాని మీద కొలిచి, నోటుబుక్కులో రాసుకుంటాడు. పెన్సిలుతో, మోడల్‌కు ఒక పేజీ. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ‘రైట్ టు రిపేర్’ అని ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లు, బండ్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ పనిముట్లు అన్నీ అందులో ఉన్నాయి. వాడికి చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూసి, “గిండ్ల సర్వీస్ సెంటర్ల నంబర్లే ఉన్నయి గద పెద్దబాపూ, మ్యాపు లేదు” అన్నాడు. వాడి లెక్కలో రిపేరు హక్కు అంటే మ్యాపు. నేను వాదించలేదు, నా లెక్కలోనూ దాదాపు అంతే.

ఆ నోటుబుక్కు ఎవరికైనా ఇస్తావా అని అడిగాను. సిరిసిల్లలో దోస్తు ఉన్నాడట, వాడూ ఇట్లాంటిదే రాస్తున్నాడట, ఫోటోలు తీసి ఒకరికొకరు పంపుకుంటారట. జగిత్యాలలో ఇంకొకడు, కోరుట్లలో ఇంకొకడు. గ్రూపులో పదిపన్నెండు మంది. తప్పు రాస్తే తెల్లారేసరికి ఎవడో ఒకడు పట్టుకుంటాడట. “నీ ఇనుప పెట్టెల బుక్కుల గుడ గిట్లనే ఉంటదా?” అన్నాడు. వోల్టులు, అలలు, అన్నీ ఉంటాయని చెప్పాను. తీసుకురమ్మన్నాడు, చూస్తాడట.

ఇంతలో అనంతగిరి దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు. రిజర్వాయరు కట్ట మీద ఫోటో దిగుతుంటే ఫోను నీళ్లల్ల పడ్డదట, ఇంటికి పోయి బియ్యంలో పెట్టాడట. ఫోనుతో పాటు సంచిలో బియ్యం కూడా పట్టుకొచ్చాడు. మావాడు వెనక అద్దం ఊడబెరికి, సిమ్ గూటిలో నుంచి ఒక బియ్యపు గింజ చిమటాతో తీసి కౌంటరు మీద పెట్టాడు.

“పెద్దబాపూ, జెర జరుగు, లైటుకు అడ్డమొస్తున్నవ్” అన్నాడు.